మ్యాప్‌లో ఖాళీలు అయిపోయాక: విక్టోరియా కాలపు లాస్ట్ వరల్డ్ కథలు సైన్స్ ఫిక్షన్‌గా ఎలా మారాయి

క్లుప్తంగా: 1870 నుంచి 1914 మధ్యలో ఇంగ్లండులో లాస్ట్ వరల్డ్ కథలు (బయటి ప్రపంచానికి తెలియని లోకాన్ని కనుక్కునే కథలు) గుంపుగా పుట్టుకురావడానికి మూడు కారణాలు ఒకేసారి కలిశాయి. పుస్తకాల ధర పడిపోవడం ఒకటి, భూమి వయసు గురించిన కొత్త సైన్స్ ఇంకోటి, ఆఫ్రికాలో బంగారం, వజ్రాల కోసం మొదలైన పరుగు మూడోది. భూమ్మీద తెలియని చోట్లు తగ్గేకొద్దీ అవే కథలు భూగర్భంలోకి, భవిష్యత్తులోకి, అంగారకుడి మీదకి జరిగాయి. ఖాళీ అనుకున్న చోట అప్పటికే మనుషులు ఉన్నారు కదా అనే చిక్కుని ఈ కథలు ఎలా దాటవేశాయో చూస్తే ఇప్పటి వార్తల హెడ్డింగులు, మన సినిమాలు కూడా కొంచెం వేరుగా కనిపిస్తాయి.

2024 జనవరిలో ఈక్వెడార్ దేశంలోని ఉపానో లోయలో అడవి కింద దాదాపు 2,500 ఏళ్ల కిందట మొదలైన ఊళ్లు, తిన్నటి రోడ్లు, కాలువలు పైనుంచి లేజర్ కాంతితో నేలని కొలిచే లైడార్‌తో బయటపడ్డాయని సైన్స్ పత్రికలో పేపర్ వచ్చింది. వెంటనే అన్ని దేశాల పత్రికల్లోనూ ఇంచుమించు ఒకటే హెడ్డింగ్, అమెజాన్‌లో పోయిన నగరం దొరికింది అని. నిజానికి అక్కడ పురావస్తు తవ్వకాలు దశాబ్దాలుగా జరుగుతున్నాయి, చుట్టుపక్కల జనం ఉన్నారు, మట్టిదిబ్బలున్నాయని వాళ్లకి తెలుసు. లైడార్ చేసిందల్లా ఆ దిబ్బలన్నీ కలిపి ఎంత పెద్ద అల్లికో చూపించడం. మరి పోయింది అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరికి పోయింది అని అడిగితే దాని వేర్లు నూట యాభై ఏళ్ల వెనక లండన్ పుస్తకాల షాపుల్లో తేలతాయి.

అసలు వీటికి ఆ పేరేంటి

ముందు ఒక గందరగోళం తీర్చుకోవాలి. లాస్ట్ వరల్డ్ అనే పేరు స్థిరపడింది ఆర్థర్ కోనన్ డాయిల్ నవల వల్ల, అది 1912లో స్ట్రాండ్ మ్యాగజీన్‌లో సీరియల్‌గా వచ్చింది. అప్పటికి విక్టోరియా రాణి పోయి పదకొండేళ్లు. అంటే పేరు పెట్టిన పుస్తకం ఆ కాలందే కాదు, అప్పటికే పాతబడుతున్న ఒక తరహా కథకి చివర్లో వచ్చిన పేరు అది. ఆ తరహాకి అసలు ఊపు తెచ్చింది హెన్రీ రైడర్ హగ్గార్డ్ 1885లో రాసిన కింగ్ సోలమన్స్ మైన్స్.

ఫార్ములా అందరికీ తెలిసిందే. ఒక పాత కాగితమో మ్యాపో దొరుకుతుంది, ముగ్గురు నలుగురు ఇంగ్లీషు మగవాళ్లు బయల్దేరతారు, మధ్యలో ఎడారో కొండ గోడో అడ్డం, అది దాటితే లోపల బయట ప్రపంచానికి తెలియని ఒక రాజ్యం, అక్కడ సింహాసనం కోసం రెండు వర్గాల కొట్లాట, వీళ్లు ఒక పక్షాన చేరతారు, ఆ పక్షం గెలుస్తుంది, వీళ్లు జేబుల నిండా ఏదో ఒకటి వేసుకుని తిరిగొస్తారు, వచ్చాక ఆ దారి మూసుకుపోతుంది. దారి మూసుకుపోవడం చాలా ముఖ్యం, ఎందుకంటే పాఠకుడి ఇంట్లో అట్లాస్ ఉంది, అందులో ఈ రాజ్యం లేదు. సోలమన్ గనుల కథలో కొత్తగా రాజైన ఇగ్నోసి, ఇక మీదట తుపాకులు, సారా పట్టుకొచ్చే తెల్ల వ్యాపారులని ఈ కొండలు దాటనివ్వను అని చెప్పేస్తాడు. వలస పాలనని బాగా సమర్థించిన రచయిత పుస్తకంలో ఈ మాట ఉండటం వింతే గానీ కథ నిలబడాలంటే తప్పదు.

తెలుగు పాఠకుడికి దాచిపెట్టిన లోకాలు కొత్తేం కాదు, పాతాళం, నాగలోకం, కాశీమజిలీల్లో మంత్రాల దీవులు అన్నీ వినే పెరుగుతాం. తేడా ఏంటంటే ఆ కథలు రుజువు చూపించవు, చూపించమని ఎవరూ అడగరు కూడా. హగ్గార్డ్ కథ మాత్రం ప్రతి పేజీలో రుజువు చూపించాలని తాపత్రయపడుతుంది. ఈ తాపత్రయమే తర్వాత సైన్స్ ఫిక్షన్ అయ్యింది అని చెప్పుకోవచ్చు.

1871 అనే ఏడాది

ఏ సాహిత్య ధోరణికైనా పుట్టినరోజు పెట్టడం కష్టం, కానీ దీనికి 1871 దగ్గర చాలా దారాలు కలుస్తాయి. ఆ ఏడాది ఎడ్వర్డ్ బుల్వర్ లిట్టన్ పేరు లేకుండా ద కమింగ్ రేస్ అని ఒక నవల వేశాడు. గనిలోంచి కిందకి దిగిన ఒక మనిషికి భూమి లోపల వ్రిల్ అనే శక్తిని వాడుకుంటూ బతికే జాతి కనిపిస్తుంది, వాళ్ల ఆడవాళ్లు మగవాళ్లకంటే బలవంతులు, వాళ్లు ఎప్పుడో ఒకప్పుడు పైకొస్తారు అని అతను భయపడుతూ రాస్తాడు. ఆ వ్రిల్ అనే మాట జనంలోకి ఎంత పోయిందంటే కొన్నేళ్లకి ఒక గొడ్డు మాంసం సారానికి బోవ్రిల్ అని పేరు పెట్టి అమ్మారు.

అదే ఏడాది జార్జ్ చెస్నీ, బ్లాక్‌వుడ్స్ మ్యాగజీన్‌లో ద బ్యాటిల్ ఆఫ్ డార్కింగ్ రాశాడు, జర్మన్ సైన్యం ఇంగ్లండు మీద దిగి గెలిచేసినట్టు. చెస్నీ ఇండియాలో పనిచేసిన ఇంజినీర్ అధికారి, 1857లో ఢిల్లీ ముట్టడిలో గాయపడ్డవాడు. వేరే దేశాన్ని ఆక్రమించడం దగ్గర నుంచి చూసినవాడికి తన దేశం ఆక్రమణలో ఎలా ఉంటుందో ఊహించడం కొంచెం సులువే అయి ఉండాలి. అదే ఏడాది పత్రికా విలేకరి స్టాన్లీ వెళ్లి, ఆఫ్రికాలో జాడ తెలియకుండా పోయిన యాత్రికుడు లివింగ్‌స్టన్‌ని కలిశాడు, అదే ఏడాది కార్ల్ మౌక్ అనే జర్మన్ భూగర్భ శాస్త్రవేత్త గ్రేట్ జింబాబ్వే శిథిలాల దగ్గరికి చేరాడు. భూగర్భ లోకం, దండయాత్ర భయం, ఆఫ్రికా యాత్ర, రాతి శిథిలం, ఈ నాలుగూ తర్వాతి నలభై ఏళ్ల కథలకి ముడిసరుకు.

ఇక్కడ మనకి నేరుగా తగిలే సంగతి ఒకటుంది. కమింగ్ రేస్ రాసిన లిట్టన్ కొడుకు రాబర్ట్ లిట్టనే 1876 నుంచి 1880 దాకా ఇండియాకి వైస్రాయి. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలని తుడిచిపెట్టిన ధాత కరువు నడిచింది ఆయన హయాంలోనే, ఆ కరువు మధ్యలోనే 1877 జనవరి 1న ఢిల్లీలో భారీగా దర్బారు జరిగింది. తండ్రి నవలలో బలమైన జాతి బలహీనమైన జాతిని ఏం చేస్తుందో అన్న భయం ఉంది, కొడుకు పాలనలో అది జరిగింది, కానీ ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసిన విక్టోరియా కాలపు విమర్శకులు అరుదు.

31 షిల్లింగుల నుంచి ఒకటిన్నర షిల్లింగుకి

కథల్లో ఉన్న ఊహని మాత్రమే చూస్తే ఇవి ఎందుకు అప్పుడే వచ్చాయో అర్థం కాదు, లెక్కలు కూడా చూడాలి. 19వ శతాబ్దంలో ఎక్కువ కాలం ఇంగ్లండులో కొత్త నవల అంటే మూడు సంపుటాలు, ధర 31 షిల్లింగుల 6 పెన్నీలు. మామూలు గుమాస్తా కొనలేడు, మ్యూడీస్ లాంటి అద్దె లైబ్రరీలో చందా కట్టి తెచ్చుకోవాలి. ఆ లైబ్రరీలు కుటుంబంలో అందరూ చదవదగ్గ, మూడు సంపుటాలకి సాగే ఇంటి కథలు, పెళ్లి కథలు అడిగేవి, కాబట్టి రచయితలు అవే రాసేవాళ్లు. కాగితం మీద పన్ను 1861లో పోయింది, 1870 విద్యా చట్టంతో చదవగలిగే పిల్లలు పెరిగారు, వీళ్లకి మూడు సంపుటాల ఓపికా లేదు, డబ్బూ లేదు.

1883లో ట్రెజర్ ఐలండ్ పుస్తకంగా వచ్చి విజయవంతమైంది (మన దగ్గర నండూరి రామమోహనరావు దాన్ని కాంచనద్వీపం పేరుతో తెచ్చారు). దాంట్లో సగం బాగున్నది కూడా నువ్వు రాయలేవు అని తన సోదరుడు పందెం వేస్తే హగ్గార్డ్ కొద్ది వారాల్లో సోలమన్ గనుల కథ రాసేశాడని చెబుతారు. ప్రచురణకర్త రెండు బేరాలు పెట్టాడు, కాపీరైట్ మొత్తానికి 100 పౌండ్లు లేదా పది శాతం రాయల్టీ. హగ్గార్డ్ 100 పౌండ్లకే ఒప్పుకోబోతుంటే, నేనైతే రెండోది తీసుకుంటాను సార్ అని ఆ ఆఫీసులో ఒక గుమాస్తా మెల్లగా చెప్పాడట, అది హగ్గార్డ్ ఆత్మకథలో ఉంది. పుస్తకం ఒకే సంపుటం, 5 షిల్లింగులు, లండన్ గోడల మీద పోస్టర్లు, మొదటి ఏడాదిలోనే 31,000 కాపీలు. ఆ గుమాస్తాకి ఏమన్నా ముట్టిందో లేదో తెలీదు గానీ ముట్టాల్సిందే.

1894కి అద్దె లైబ్రరీలే మూడు సంపుటాలకి ఇక ఎక్కువ ధర పెట్టం అన్నాయి, ఆ పద్ధతి కూలిపోయింది. మరుసటి ఏడాదే హెచ్.జి. వెల్స్ రాసిన టైమ్ మెషీన్ వచ్చింది, చిన్న పుస్తకం, అట్ట లేని ఎడిషన్ ఒకటిన్నర షిల్లింగు. ఈలోపు స్ట్రాండ్, పియర్సన్స్ లాంటి బొమ్మల మ్యాగజీన్లు వచ్చాయి, ఆరు పెన్నీలకి నెలకి ఒక భాగం, ప్రతి భాగం చివర ఏదో ఒక ప్రమాదం. లాస్ట్ వరల్డ్ కథకీ మార్స్ కథకీ ఒకే రకమైన పరుగు ఉండటానికి ఈ సీరియల్ పద్ధతి పెద్ద కారణం.

మడత మ్యాపు, కుండపెంకు, అతికించిన గడ్డం

రుజువు గురించి పైన చెప్పిన తాపత్రయాన్ని దగ్గరగా చూడాలి. సోలమన్ గనుల మొదటి ఎడిషన్ తెరిస్తే ముందు మడత పెట్టిన రంగుల మ్యాపు ఉంటుంది, 1590లో ఒక పోర్చుగీసు మనిషి చచ్చిపోతూ గుడ్డ ముక్క మీద తన నెత్తురుతో గీసినది అని. తర్వాత వచ్చిన షీ నవలకి హగ్గార్డ్ ఇంకో మెట్టు ఎక్కాడు. కథలో రెండు వేల ఏళ్ల నాటి రాత ఉన్న కుండపెంకు ఒకటి వస్తుంది, దాన్ని ఆయన వదినామరదళ్ల వరసలో ఉన్న ఆగ్నెస్ బార్బర్ చేత నిజంగానే తయారు చేయించి, దాని బొమ్మ పుస్తకంలో అచ్చేశారు. డాయిల్ అయితే లాస్ట్ వరల్డ్ నవలలోని ఛాలెంజర్ ప్రొఫెసర్ పాత్ర కోసం తనే గడ్డం అతికించుకుని ఫొటో దిగి పుస్తకంలో పెట్టాడు.

ఇంత చేసినా ఒక చోట దొరికిపోయారు. సోలమన్ గనుల్లో హీరోల దగ్గర పంచాంగం లాంటి ఆల్మనాక్ ఉంటుంది, దాంట్లో గ్రహణం ఎప్పుడో చూసుకుని, మేం సూర్యుణ్ణి ఆర్పేస్తాం అని అక్కడి వాళ్లని భయపెడతారు. మొదటి ఎడిషన్‌లో అది సంపూర్ణ సూర్యగ్రహణం, చీకటి గంటకి పైగా ఉంటుంది, పైగా దానికి దగ్గర రాత్రుల్లోనే నిండు వెన్నెల ఉంటుంది. నిజానికి సంపూర్ణ సూర్యగ్రహణం ఎంత పెద్దదైనా ఏడున్నర నిమిషాలు దాటదు. ఇక వెన్నెల సంగతి, పంచాంగం చూసే ఏ తెలుగు ఇంట్లో అడిగినా చెబుతారు, సూర్యగ్రహణం అమావాస్యకే వస్తుంది, పున్నమికి దగ్గర్లో ఎలా వస్తుంది. తప్పు బయటపడ్డాక హగ్గార్డ్ తర్వాతి ఎడిషన్లలో దాన్ని చంద్రగ్రహణంగా మార్చేశాడు.

ఈ దిద్దుబాటు చిన్న విషయంలా ఉంటుంది గానీ చాలా చెబుతుంది. మంత్రగత్తె గగూల్ కొన్ని వందల ఏళ్లు బతికినట్టు సూచించినా ఎవరూ ఇదెలా సాధ్యం అని దిద్దమనలేదు, గ్రహణం తప్పుని మాత్రం రచయితే దిద్దుకోవాల్సి వచ్చింది. అంటే ఊహ ఎంతైనా సాగొచ్చు, తెలిసిన సైన్స్ మాత్రం తప్పకూడదు అని రచయితకీ పాఠకుడికీ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. సైన్స్ ఫిక్షన్‌కి ఇవాళ్టికీ అదే ఒప్పందం.

గ్రహణంతో బెదిరించడం హగ్గార్డ్ పుట్టించింది కాదు, 1504లో జమైకాలో కొలంబస్ చంద్రగ్రహణంతో అదే పని చేశాడు. దీంట్లో ఉన్న నమ్మకం ఏంటంటే ఐరోపా వాళ్లు తప్ప ఇంకెవరూ గ్రహణం లెక్క కట్టలేరు అని. ఆర్యభటుడు భూమి నీడ గురించి 499 నాటికే రాశాడు, మధ్య అమెరికాలోని మాయా జనం దగ్గర గ్రహణాల పట్టికలున్నాయి. కథకి అవి తెలియాల్సిన అవసరం లేదు.

పెన్సిల్ వాసన చూసి రాసిన చరిత్ర

ఈ కథలు వట్టి కథలుగానే ఆగలేదు అనడానికి గ్రేట్ జింబాబ్వే కంటే మంచి ఉదాహరణ దొరకదు. సున్నం లేకుండా రాయి మీద రాయి పేర్చి కట్టిన పెద్ద గోడలు, ఇప్పటి షోనా జనం పూర్వీకులు దాదాపు 11 నుంచి 15 శతాబ్దాల మధ్యలో కట్టినవి. 1871లో అక్కడికి వెళ్లిన మౌక్ ద్వారబంధం కలప ముక్క ఒకటి తీసి చూశాడు, అది తన పెన్సిల్ కలపలాగే ఉంది, వాసన కూడా అదే. పెన్సిల్ దేవదారుతో చేస్తారు కాబట్టి ఇదీ దేవదారు, దేవదారు లెబనాన్‌లో ఉంటుంది, బైబిల్లో లెబనాన్ కలప తెప్పించుకున్నది సోలమన్ రాజు, ఆయన్ని చూడ్డానికి వెళ్లింది షీబా రాణి, కాబట్టి ఇది ఆవిడ కట్టించింది. ఒక పెన్సిల్ మీద ఇంత చరిత్ర నిలబెట్టాడు. ఆ కలప అక్కడ పెరిగే చెట్టుదే.

హగ్గార్డ్ 1875లో దక్షిణాఫ్రికాలోని నాటాల్ గవర్నర్ దగ్గర చిన్న ఉద్యోగానికి వెళ్లినవాడు, 1877లో ట్రాన్స్‌వాల్‌ని బ్రిటన్ కలుపుకున్నప్పుడు ప్రిటోరియాలో జెండా ఎగరేసినవాళ్లలో ఒకడు. సోలమన్ బంగారం గురించిన పుకార్లు ఆ ప్రాంతంలో చాలానే తిరుగుతుండేవి. కింబర్లీ వజ్రాలు అప్పటికే దొరికాయి (అంతకుముందు ఇంగ్లీషు వాళ్లకి వజ్రాల గని అంటే గుర్తొచ్చేది మన గోల్కొండ పేరే), ఆఫ్రికాని పంచుకునే బెర్లిన్ సమావేశం 1885 ఫిబ్రవరిలో ముగిసింది, నవల అదే ఏడాది సెప్టెంబరులో వచ్చింది, మరుసటి ఏడాది విట్‌వాటర్స్‌రాండ్‌లో బంగారం బయటపడింది. టైమింగ్ ఇంతకంటే బాగా కుదరదు.

1890లో గనుల యజమాని సెసిల్ రోడ్స్ కంపెనీ, ఆ శిథిలాలున్న మషోనాలాండ్‌ని ఆక్రమించింది. 1891లో థియొడోర్ బెంట్ ఆ కంపెనీ సాయంతోనే శిథిలాలు తవ్వి ఇది ఆఫ్రికన్లది కాదు అని తేల్చాడు. తర్వాత వచ్చిన రిచర్డ్ హాల్ అయితే ఆఫ్రికన్ల చెత్త అని చెప్పి పై పొరలన్నీ తవ్వి పారేయించాడు, అసలు ఆధారాలున్నవి ఆ పొరల్లోనే. ఇక్కడ లాభం ఎవరిదో సూటిగానే కనిపిస్తుంది. ఒకప్పుడు బయటి నుంచి వచ్చిన నాగరికులు ఇక్కడ గనులు తవ్వారు అంటే ఇప్పుడు వచ్చిన కంపెనీ వాళ్లు వారసులైపోతారు, ఇక్కడ ఉన్నవాళ్లు మధ్యలో వచ్చినవాళ్లైపోతారు. నవలల్లో ఆఫ్రికా నడిబొడ్డున మళ్లీ మళ్లీ తెల్ల రాణి, తెల్ల రాజ్యం కనిపించేది ఇందుకే. 1905లో రాండల్ మెకైవర్, 1929లో గెర్‌ట్రూడ్ కేటన్ థాంప్సన్ తవ్వి చూసి ఇది ఆఫ్రికన్ల పనే అని స్పష్టంగా చెప్పినా ఆ వాదన చావలేదు, 1970 ప్రాంతంలో రొడీషియాలోని (జింబాబ్వేకి అప్పటి పేరు) తెల్ల ప్రభుత్వం పురావస్తు శాఖ వాళ్ల నోరు నొక్కడానికి చూసింది, పీటర్ గార్లేక్ అనే శాస్త్రవేత్త దేశం వదిలి వెళ్లాల్సి వచ్చింది. 1980లో స్వతంత్రం వచ్చాక దేశం ఆ శిథిలాల పేరే పెట్టుకుంది.

ఎముకలు, మునిగిన ఖండాలు

ఇక సైన్స్ వైపు. 1830లలో భూగర్భ శాస్త్రవేత్త లయెల్ భూమి చాలా పాతది అని ఒప్పించాడు, 1842లో రిచర్డ్ ఓవెన్ డైనోసార్ అనే పేరు పెట్టాడు, 1854లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ తోటలో నిలువెత్తు సిమెంటు డైనోసార్లు పెట్టారు, 1859లో డార్విన్. మామూలు మనిషి వారాంతంలో పిల్లల్ని తీసుకెళ్లి చూసేంత దగ్గరికి వచ్చేసింది ప్రాచీన కాలం. ఆ జీవులు ఎక్కడో ఒక మూల బతికి ఉండొచ్చా అన్న ప్రశ్న అప్పట్లో మరీ పిచ్చిది కాదు, చుట్టూ కొండ గోడలుండి పోటీ లేని చోట పాత జాతులు నిలబడతాయి అన్నది డార్విన్ సిద్ధాంతంలోంచి తీయగల ముక్కే. వెనిజులా, బ్రెజిల్, గయానా (అప్పటి బ్రిటిష్ గయానా) హద్దులో ఉన్న రొరైమా కొండ సరిగ్గా అలాంటిది, పైన బల్లపరుపు, చుట్టూ నిట్టనిలువు గోడ. 1884లో ఎవరార్డ్ ఇమ్ థర్న్ పైకి ఎక్కాడు, వింత మొక్కలు కనిపించాయి గానీ డైనోసార్లు లేవు. డాయిల్ 1912లో ఆ లోటు తీర్చాడు. ఆ నవల చివర్లో కూడా నీలి మట్టిలోంచి వజ్రాలు బయటికి రావడం గమనించాలి, సైన్స్ యాత్ర అని బయల్దేరినా గని లేకుండా కథ ముగియలేదు.

మునిగిపోయిన ఖండాలు కూడా అంతే, మొదట అవి సైన్సే. కోతుల్లాంటి లెమూర్ల బంధువులు మడగాస్కర్‌లోనూ ఇండియాలోనూ ఎలా ఉన్నాయి అని 1864లో ఫిలిప్ స్క్లేటర్ లెమూరియా అనే ఖండాన్ని ప్రతిపాదించాడు, తర్వాత అది దివ్యజ్ఞానుల (థియోసాఫిస్టుల) చేతుల్లోకి, తమిళ దేశంలో కుమరి కండం అనే మునిగిన భూమి గురించిన చర్చల్లోకి వెళ్లిపోయింది. దాని పక్కనే ఇంకో పేరు నిలబడింది, గోండ్వానా. గోండుల ప్రాంతం పేరు మీద మన భూగర్భ సర్వే వాళ్లు రాతి పొరలకి పెట్టిన పేరుని తీసుకుని ఎడ్వర్డ్ సూస్ 1885లో ఒక మహాఖండానికి పెట్టాడు, అదే సోలమన్ గనుల ఏడాది. సింగరేణి బొగ్గు ఆ గోండ్వానా పొరల్లోదే. ఆ ప్రాణహిత గోదావరి లోయలోనే, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లిలో దొరికిన కోటసారస్ అస్థిపంజరం ఇప్పుడు హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. ప్లేట్ టెక్టానిక్స్ వచ్చాక మునిగిన ఖండాల అవసరం పోయింది, ఖండాలే కదిలాయని తేలింది. లెమూరియా కథైంది, గోండ్వానా సైన్స్‌గా మిగిలింది. రెండూ ఒకే ప్రశ్నకి జవాబులుగా పుట్టినవే.

వెర్న్ ఒక దారి, వెల్స్ ఇంకో దారి

జూల్స్ వెర్న్ ఫ్రెంచ్ వాడు, కాబట్టి విక్టోరియా కాలం అన్నప్పుడు ఆయన్ని కలపొచ్చా అని కొందరు అభ్యంతరం చెబుతారు. ఇంగ్లీషు పాఠకులు ఆయన్ని అనువాదంలో ఎంతో చదివారు కాబట్టి వదిలేయలేం, కాకపోతే చదివింది ఏం చదివారన్నది చూడాలి. కెప్టెన్ నెమో ఎవరో ద మిస్టీరియస్ ఐలండ్‌లో తేలుతుంది, బుందేల్‌ఖండ్ రాజు కొడుకు డక్కర్, టిప్పు సుల్తాన్ వంశంతో చుట్టరికం ఉన్నవాడు, 1857లో బ్రిటిష్ వాళ్లతో పోరాడి అన్నీ పోగొట్టుకున్నవాడు. ఎక్కువమంది చదివిన ఇంగ్లీషు అనువాదంలో ఆ భాగాన్ని బ్రిటిష్ పాలనకి అనుకూలంగా మార్చేశారు. ప్రపంచంలో అందరికీ తెలిసిన జలాంతర్గామి కెప్టెన్ భారతీయుడు అన్న సంగతి ఇప్పటికీ చాలామందికి తెలియకపోవడానికి అదొక కారణం.

వెర్న్ పాత యంత్రాన్ని పెద్దది చేస్తాడు, చంద్రుడి మీదకి ఫిరంగితో మనుషుల్ని పంపుతాడు, లెక్కలు వేస్తాడు. వెల్స్ ఒక్క అసాధ్యాన్ని ఒప్పుకోమని అడిగి మిగతాదంతా పద్ధతిగా నడుపుతాడు. వెల్స్ నవలలో గురుత్వాకర్షణని అడ్డుకునే కేవరైట్ అనే పదార్థం గురించి, ఏదీ ఆ లోహం చూపించమనండి అని వెర్న్ విసుక్కున్నాడు.

వెల్స్ చేసిన అసలు మార్పు వేరే ఉంది. ఆయన లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో టీ.హెచ్. హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం చదివాడు. టైమ్ మెషీన్‌లో హీరో కొండలు దాటక్కర్లేదు, కుర్చీలోంచి లేవకుండా 802701వ సంవత్సరానికి పోతాడు, అక్కడ పోయిన లోకం లండనే. పైన తిరిగే సుకుమారులు ఒకప్పటి యజమానులు, కింద చీకట్లో యంత్రాలు నడిపేవాళ్లు ఒకప్పటి కార్మికులు. చివర్లో మూడు కోట్ల ఏళ్ల తర్వాత సూర్యుడు ఎర్రగా, చల్లబడిపోతూ కనిపిస్తాడు. అది కవిత్వం కాదు, లార్డ్ కెల్విన్ లెక్క. సూర్యుడికి వేడి తనలోకి తను కుంచించుకోవడం వల్ల మాత్రమే వస్తుందనుకుంటే ఇంకా కొన్ని కోట్ల ఏళ్లే మిగులుతాయి, కేంద్రక సంలీనం గురించి అప్పటికి ఎవరికీ తెలీదు.

వార్ ఆఫ్ ద వరల్డ్స్ (1897లో సీరియల్, 1898లో పుస్తకం) ఇంకా సూటిగా ఉంటుంది. ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త షియాపరెల్లి 1877లో అంగారకుడి మీద గీతలు చూశానన్నాడు, అమెరికాలో పెర్సివల్ లోవెల్ అవి తవ్విన కాలువలే అన్నాడు, ఎండిపోతున్న ముసలి గ్రహం అన్న బొమ్మ సిద్ధంగా ఉంది. వెల్స్ అన్న ఫ్రాంక్, ఆస్ట్రేలియా పక్కనున్న టాస్మానియా దీవి జనం ఇంగ్లీషు వాళ్ల చేతిలో దాదాపుగా ఎలా తుడిచిపెట్టుకుపోయారో మాట్లాడుతూ, అలాగే మన మీద పైనుంచి ఎవరైనా ఊడిపడితే అని అన్నాడు, నవల అక్కడ పుట్టింది, మొదటి అధ్యాయంలోనే టాస్మానియా ప్రస్తావన ఉంటుంది. హగ్గార్డ్ ఫార్ములా అక్షరం పొల్లుపోకుండా అక్కడ ఉంది, కాకపోతే ఎవరి రాజ్యంలోకి ఎవరు దిగారు అన్నది తలకిందులైంది. షీ నవలలోనే ఆఫ్రికా గుహల్లో ఉండే రాణి అయేషా లండన్ వచ్చి విక్టోరియాని దించేస్తానంటుంది, అంటే ఈ భయం హగ్గార్డ్‌లోనూ ఉంది, ఆయన దాన్ని గుహలోనే చంపేశాడు, వెల్స్ లండన్ వీధుల్లోకి వదిలాడు.

ఇదే కాలంలో ఇండియా నుంచి వచ్చిన జవాబు కూడా చెప్పుకోవాలి. 1905లో రొకేయా సఖావత్ హుస్సేన్ రాసిన సుల్తానాస్ డ్రీమ్ మద్రాసు నుంచి వచ్చే ఇండియన్ లేడీస్ మ్యాగజీన్‌లో అచ్చయింది. సూర్యరశ్మితో శత్రువుని ఓడించి, మగవాళ్లని లోపల ఉంచి, ఆడవాళ్లు నడిపే దేశం. బలమైన ఆడవాళ్లని చూసి లిట్టన్ కథకుడు వణికితే రొకేయా కథలో సుల్తానా ఆ దేశాన్ని చూసి ముచ్చటపడుతుంది. లాస్ట్ వరల్డ్ కథల్లో కనిపించే వజ్రాల దోపిడీ ఇందులో లేదు, చాలా లాస్ట్ వరల్డ్ నవలలకంటే ఇదే ఇప్పుడు కొత్తగా అనిపిస్తుంది.

తెర మీదకి, తెలుగు దాకా

1912 తర్వాత కథ అమెరికాకి మారింది, పల్ప్ పత్రికలు (చవక కాగితం మీద అచ్చయ్యే కథల పత్రికలు) దీన్ని అందుకున్నాయి, 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బాక్ అమేజింగ్ స్టోరీస్ పెట్టి మొదటి సంచికలోనే వెర్న్, వెల్స్, ఎడ్గార్ ఎలన్ పో ముగ్గురినీ మళ్లీ అచ్చేసి ఇదొక ప్రత్యేకమైన తరహా అని ప్రకటించాడు. హగ్గార్డ్ వైపు కథలు అడ్వెంచర్ అనే అరలోకి వెళ్లిపోయాయి. ఒకే చెట్టు రెండు కొమ్మలు అన్న సంగతి మర్చిపోవడం ఈ అరల వల్లే మొదలైంది. సినిమా మాత్రం వాటిని విడదీయలేదు. 1925లో లాస్ట్ వరల్డ్ సినిమాకి బొమ్మ డైనోసార్లని కదిలించిన విల్లిస్ ఓబ్రయెనే 1933లో కింగ్ కాంగ్‌కి పనిచేశాడు.

తెలుగులో ఈ కొమ్మల్లో వెల్స్ వైపుది 1991లో ఆదిత్య 369తో గట్టిగా దిగింది. సింగీతం శ్రీనివాసరావు కాలయంత్రాన్ని వెల్స్ నుంచి తీసుకున్నా ముందు పంపింది శ్రీకృష్ణదేవరాయల కొలువుకి. అక్కడ హీరో వేరే వాళ్ల రాజ్యంలోకి దిగిన తెల్లవాడు కాదు, సొంత పూర్వీకుల దగ్గరికి వెళ్లిన చుట్టం, భాష ఒకటే, పద్యాలు తెలుసు. అందుకే ఫార్ములాలో ఉన్న దోపిడీ ముక్క దానంతట అదే ఎగిరిపోయింది, వజ్రం దొంగతనం పని విలన్‌కి వెళ్లింది.

హగ్గార్డ్ వైపు కొమ్మ ఇంకో దారిలో వస్తోంది. 2025లో కెన్యాలో షూటింగ్ చేసుకున్న రాజమౌళి సినిమా గురించి మాట్లాడుతూ తనూ కొడుకూ విల్బర్ స్మిత్ నవలలకి అభిమానులమని విజయేంద్ర ప్రసాద్ చెప్పారు. ఉత్తర రొడీషియాలో (ఇప్పటి జాంబియా) పుట్టిన స్మిత్ చిన్నప్పుడు హగ్గార్డ్‌ని చదివి పెరిగినవాడు, 1972లో ఆయన రాసిన ద సన్‌బర్డ్‌లో ఆఫ్రికా దక్షిణ భాగంలో దొరికిన నగరం కట్టింది మధ్యధరా తీరం నుంచి వచ్చిన కార్తేజ్ వాళ్లు, అంటే మౌక్ పెన్సిల్ వాదనే ఇంకో వేషంలో. స్మిత్ నుంచి వేటలు, నదులు, ఏనుగులు, పరుగు తీసుకోవచ్చు, నగరం ఎవరు కట్టారన్న జవాబు మాత్రం ఆయన దగ్గర తీసుకోవాల్సిన పని లేదు. తెలుగు హీరో ఆఫ్రికాలో దిగినప్పుడు అక్కడి వాళ్లకి మాటలున్న పాత్రలు ఎన్ని, దారి చూపించి చచ్చిపోయే పాత్రలు ఎన్ని అని లెక్కపెడితే ఆ కథ ఏ కొమ్మ నుంచి వచ్చిందో మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది.